అప్‌డేట్: పెద్ద చెట్టు ఉంచేశాం

ఆస్ట్రేలియాలోని బ్లూ మౌంటెన్స్‌లో మా ఇంటిని ఆనుకుని ఉన్న నీలగిరి చెట్టును కార్చిచ్చు సీజన్‌లోపు కొట్టించాలా అని ఇక్కడ అడిగాను కదా. సలహా ఇచ్చిన అందరికీ థ్యాంక్స్. పోయిన వారం ఆర్బరిస్ట్ (చెట్ల నిపుణుడు) వచ్చి చూశారు.

చిన్న చెక్క సుత్తితో మానంతా తట్టి విన్నారు, చెట్టు మొదలు దగ్గర మట్టి తీసి వేళ్లు చూశారు. చెట్టు గట్టిగానే ఉంది, బెరడు కూడా నున్నగా ఉంది. ఎండుకొమ్మలు తీసేసి, కింది కొమ్మలు 2 మీటర్ల ఎత్తు దాకా కోస్తే చాలన్నారు. అసలు టెన్షన్ వెనకున్న స్ట్రింగీబార్క్‌తో (పీచు బెరడుండే నీలగిరి రకం). దాని బెరడు చేత్తో లాగితే కొబ్బరిపీచులా ఊడొచ్చింది. ఆ పీచే నిప్పంటుకుని గాలికి ఎగిరి ఇళ్ల మీద పడుతుందట. దాన్ని తీయిస్తున్నాం.

మా రాష్ట్రం న్యూ సౌత్ వేల్స్‌లో, కార్చిచ్చు ముప్పు తగ్గించడానికి పెట్టిన 10/50 నిబంధన వర్తించే చోట ఇంటికి 10 మీటర్లలోపు చెట్లు కొట్టడానికి అనుమతి అక్కర్లేదు. కానీ మన అడ్రస్ అందులో ఉందో లేదో చెట్టు కొట్టే రోజునే రూరల్ ఫైర్ సర్వీస్ (రాష్ట్ర అగ్నిమాపక సంస్థ) సైట్‌లో మళ్లీ చూసుకోవాలి. ఏటవాలు నేలైతే షరతులు వేరు.

గట్టర్లలో ఆకులు నేనే తీశాను, రెండు బస్తాలు! అటక గాలిరంధ్రాలకు 2 మిల్లీమీటర్ల కన్నాలున్న స్టీల్ జాలీ ఈ ఆదివారం బిగిస్తాను.