2019 టీ8 ప్లగ్-ఇన్ హైబ్రిడ్ కొనాలా, 2022 బీ6 మైల్డ్ హైబ్రిడ్‌కి వెళ్లాలా? (బెంగళూరు)

పలమనేరు_బాబు

అందరికీ నమస్తే. వోల్వో ఎక్స్‌సీ90 సెకండ్ హ్యాండ్‌లో రెండు బండ్లు చూసి పెట్టాను, ఎటూ తేలడం లేదు.

ఒకటి 2019 టీ8 ప్లగ్-ఇన్ హైబ్రిడ్. 58 వేల కి.మీ. తిరిగింది, రెండో ఓనర్ దగ్గర ఉంది, 39 లక్షలు చెప్తున్నారు. ఇంకోటి 2022 బీ6 మైల్డ్ హైబ్రిడ్. 34 వేలు తిరిగింది, ఒకే ఓనర్, 56 లక్షలు. బేరం ఇంకా మొదలుపెట్టలేదు.

వాడకం ఇదీ: ఐటీపీఎల్ దగ్గర అపార్ట్‌మెంట్ నుంచి ఎకోస్పేస్‌లో ఆఫీసుకి రానూపోనూ 28 కి.మీ., వారానికి అయిదు రోజులు. నెలకోసారి పలమనేరు మీదుగా తిరుపతి. ఇంట్లో ఆరుగురం, కాబట్టి మూడో వరస సీట్లు తప్పనిసరి. బేస్‌మెంట్‌లో సొంత పార్కింగ్ ఉంది. ఛార్జింగ్ పాయింట్ లేదు గానీ అసోసియేషన్ వాళ్లు పెట్టుకోమన్నారు. ఆఫీసులో టైప్ 2 ఛార్జర్లున్నాయి, కానీ ఎప్పుడూ ఖాళీ ఉండవు.

17 లక్షల తేడా చూస్తే టీ8 వైపు మనసు లాగుతోంది. బ్యాటరీ వయసు చూస్తే భయమేస్తోంది. ఏం చూసి కొనాలి?

స్పానర్_సుబ్బయ్య

బాబు గారూ, పేరులో రెండిటికీ హైబ్రిడ్ ఉంది గానీ బీ6 కరెంటు మీద ఒక్క మీటరు కూడా నడవదు. దాన్లో ఉన్నది 48 వోల్టుల చిన్న బ్యాటరీ, బెల్టుతో తిరిగే స్టార్టర్-జనరేటర్. సిగ్నల్ దగ్గర ఆగిన ఇంజన్ని కుదుపు లేకుండా లేపడం, కదిలేటప్పుడు కాస్త తోడు రావడం, అంతే దాని పని. టీ8 నిర్మాణమే వేరు. ముందు చక్రాలకి టర్బో, సూపర్‌ఛార్జర్ రెండూ ఉన్న 2 లీటర్ల పెట్రోల్ ఇంజన్, వెనక చక్రాలకి విడిగా 87 హార్స్‌పవర్ మోటార్. ముందు నుంచి వెనక్కి ప్రొపెల్లర్ షాఫ్ట్ ఉండదు, ఆ ఖాళీలోనే బ్యాటరీ పెట్టారు. అందుకే ఏడు సీట్లూ మిగిలాయి.

బ్యాటరీ సైజు మోడల్‌ని బట్టి మారింది. మొదట్లో 9.2 యూనిట్లు, తర్వాత 10.4, 2020 మోడల్ నుంచి 11.6. మీరు చూసినది 10.4 అయ్యుండాలి. ఆ మొత్తం మనకి వాడుకోనివ్వదు, పైనా కిందా కొంత పక్కన పెట్టుకుంటుంది.

మీ రూటులో లెక్క కి.మీ.తో కాదు, గంటలతో వేసుకోవాలి. ఇంత బరువైన బండి ఊళ్లో 100 కి.మీ.కి 22 నుంచి 25 యూనిట్లు తింటుంది, అంటే 28 కి.మీ.కి సుమారు 6.5. దానిమీద ఏసీ గంటకి ఒక యూనిట్ పైనే లాగుతుంది. మారతహళ్లి దగ్గర గంట ఇరుక్కుంటే ఆ గంట ఏసీ కూడా బ్యాటరీలోంచే పోతుంది. కాబట్టి సాయంత్రం ఇంటికి చేరే ముందు చివరి మూడు నాలుగు కి.మీ. ఇంజన్ లేస్తుందనే అనుకోండి. పొద్దున ప్లగ్‌లో ఉండగానే క్యాబిన్ చల్లబడేలా బండి స్క్రీన్‌లో టైమర్ పెట్టుకుంటే కొంత కలిసొస్తుంది.

చూడ్డానికి వెళ్లే పద్ధతి చెప్తాను. ముందు రోజు రాత్రి ఫుల్ ఛార్జ్ చేయించి, మీరు వచ్చేదాకా స్టార్ట్ చేయొద్దనండి. వెళ్లగానే ఛార్జింగ్ కేబుల్ చూపించమనండి. అది కంపెనీ ప్లాస్టిక్ కవర్లోనే మడత విప్పకుండా ఉందంటే ఇన్నేళ్లూ దాన్ని పెట్రోల్ బండిలాగే వాడారని అర్థం. అప్పుడు 58 వేలూ ఇంజన్ మీదే పడ్డాయి, ఆ కంటితో ఇంజన్ని చూడాలి. తర్వాత ట్రిప్ మీటర్ జీరో చేసి, ఏసీ 22లో పెట్టి, ప్యూర్ మోడ్‌లో (కరెంటు మీదే నడిచే మోడ్) బ్యాటరీ అయిపోయి ఇంజన్ లేచేదాకా నడపండి. అద్దాలు దించి, మ్యూజిక్ ఆపి వెనక ఇరుసు నుంచి వచ్చే చప్పుడు వినండి. మోటార్ సన్నగా ఈల వేయడం మామూలే. స్పీడుతో పాటు పెరిగే గరగర వినిపిస్తే అది బేరింగ్, దాన్ని చిన్న రిపేరుగా తీసుకోవద్దు.

ఖాళీ అయ్యాక గోడ సాకెట్‌కీ ఛార్జర్‌కీ మధ్య ఎనర్జీ మీటర్ పెట్టి ఫుల్ చేయించండి. మీటర్‌లో పడిన దాంట్లో 10, 15 శాతం దారిలోనే పోతుంది. 8, 9 యూనిట్లు పడితే నేను కంగారుపడను. 6 దగ్గరే ఆగిపోతే స్కాన్ రిపోర్టు చూడకుండా అడ్వాన్స్ ఇవ్వను.

స్కాన్ అంటే బయట దొరికే చిన్న ఓబీడీ డబ్బా (బండికి తగిలించి ఎర్రర్లు చదివేది) కాదు. సర్వీస్ సెంటర్లో వాళ్ల సొంత సాఫ్ట్‌వేర్ విడాతో తీయించాలి. మూడు అడగండి: సెల్ వోల్టేజీల మధ్య తేడా, హై వోల్టేజ్ ఇన్సులేషన్ రెసిస్టెన్స్ (కరెంటు బండి బాడీలోకి లీక్ కాకుండా ఎంత గట్టిగా ఆపుతోందో చెప్పే కొలత), చెరిపేసినవి కాకుండా నిల్వ ఉన్న ఫాల్ట్ కోడ్‌లు. ఇన్సులేషన్ పడిపోతే మొదట అనుమానించేది కూలెంట్ హీటర్ని, తర్వాత ఏసీ కంప్రెసర్ని. ఈ బండిలో కంప్రెసర్ కూడా హై వోల్టేజ్ మీదే తిరుగుతుంది. ఇలాంటి కంప్రెసర్లకి కరెంటు ప్రవహించని పీఓఈ రకం ఆయిల్ పోయాలి. సందు చివర షాపులో మామూలు పాగ్ ఆయిల్ కలిపి గ్యాస్ నింపారంటే ఇన్సులేషన్ మెల్లగా దెబ్బతింటుంది. కొన్నాళ్లకి స్క్రీన్ మీద ఎర్ర బొమ్మ వచ్చి బండి కదలనంటుంది. ఏసీ సర్వీస్ బిల్లులు ఎక్కడివో తప్పకుండా చూడండి.

ఇంకో మాట, 12 వోల్టుల బ్యాటరీ వీకైనా ఈ బండి లేనిపోని హైబ్రిడ్ ఎర్రర్లు చూపిస్తుంది. ఎర్రర్ చూడగానే పెద్ద బ్యాటరీ పోయిందని బెంబేలెత్తకుండా ముందు దీన్ని టెస్ట్ చేయించండి.

లెక్కల_మాస్టారు

సుబ్బయ్య గారు చెప్పినవన్నీ నిజమే. కానీ ఇన్ని పరీక్షలు పెట్టాల్సిన బండి ఎందుకు అనేది నా ప్రశ్న.

పెట్రోల్ లీటరు 103, కరెంటు ఫిక్స్‌డ్ ఛార్జీలు కాక అన్నీ కలిపి యూనిట్ 6.50 అనుకుందాం. బీ6 మీ ట్రాఫిక్‌లో లీటరుకి 7 ఇస్తే రోజుకి 4 లీటర్లు, 412 రూపాయలు. టీ8కి 9 యూనిట్లు, 60 రూపాయలు. రోజుకి 350 మిగులుతుంది. నెలకి 22 రోజులు వేస్తే 7,700, ఏడాదికి 92 వేలు. అదీ రోజూ మర్చిపోకుండా ప్లగ్ పెడితేనే. తిరుపతి ట్రిప్పులో మిగిలేదేమీ లేదు. బ్యాటరీ అయిపోయాక టీ8 అంటే బీ6 కంటే బరువెక్కువున్న పెట్రోల్ బండి.

కాబట్టి పెట్రోల్ ఖర్చు చూసి టీ8 కొంటున్నానని మీకు మీరు చెప్పుకోవద్దు. అసలు లాభం ఆ 17 లక్షల్లో ఉంది. అందులోంచి 6, 7 లక్షలు ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో పడేసి, బండి మీద తప్ప ఇంకెక్కడా ముట్టుకోను అనగలిగితే టీ8 కొనండి. ఆ డబ్బు ఇంటీరియర్ వర్క్‌కి వెళ్లిపోయేలా ఉంటే బీ6 తీసుకోండి.

వారంటీ సంగతి. ఈ కంపెనీ హై వోల్టేజ్ బ్యాటరీకి సాధారణంగా 8 ఏళ్లు లేదా 1,60,000 కి.మీ., ఏది ముందైతే అది. మొదటి డెలివరీ తేదీ నుంచి లెక్క, మీరు కొన్న రోజు నుంచి కాదు. 2019 బండికి 2027తో అయిపోతుంది. ఈ బండికి వర్తిస్తుందా, రెండో ఓనర్ నుంచి మీకు బదిలీ అవుతుందా అనేది ఛాసిస్ నంబర్ ఇచ్చి సర్వీస్ సెంటర్ నుంచి మెయిల్‌లో రాయించుకోండి. నోటి మాట పనికిరాదు. పైగా ఆ వారంటీ బ్యాటరీ వరకే. వెనక మోటార్, హీటర్, కంప్రెసర్, బండిలోని ఛార్జర్ దాని కిందికి రావు.

మళ్లీ అమ్మేటప్పటి సంగతి కూడా చూసుకోండి. ఇప్పుడు మన దేశంలో కొత్త ఎక్స్‌సీ90 మైల్డ్ హైబ్రిడ్‌గానే అమ్ముతున్నారు. టీ8లు రోడ్డు మీద ఉన్నవే కొన్ని. కొనేవాడు దొరకడానికి టైమ్ పడుతుంది, పార్టులు ఆర్డర్ పెట్టి ఎదురుచూడాలి. హోసకోటెలోని వోల్వో ప్లాంటు మీ ఇంటికి కూతవేటు దూరంలో ఉందని పార్టు సాయంత్రానికి వచ్చేయదు.

తీగలాగితే

ఛార్జింగ్ పాయింట్ గురించి ఎవరూ మాట్లాడలేదు కాబట్టి నేను.

2019 టీ8లోని ఛార్జర్ 16 ఆంప్స్, అంటే 3.7 కిలోవాట్లు మించి లాగదు. 7.4 కిలోవాట్ల వాల్‌బాక్స్ (గోడకి బిగించే ఛార్జర్) పెట్టించినా ఫుల్ అవడానికి పట్టే మూడు గంటలు మూడు గంటలే, ఆ డబ్బు దండగ. డీసీ ఫాస్ట్ ఛార్జింగ్ అసలు లేదు. మాల్‌లో పెద్ద గన్ను చూసి ఆశపడొద్దు, టైప్ 2 ఏసీ ఉంటేనే పనికొస్తుంది.

మీకు కావాల్సింది మీ ఫ్లాట్ మీటర్ నుంచి విడిగా లాగిన ఒక లైను. మీటర్ రూం నుంచి పార్కింగ్‌కి 40 మీటర్లు ఉందనుకోండి. 2.5 చదరపు మి.మీ. రాగి వైరు వేస్తే 16 ఆంప్స్ దగ్గర దాదాపు 9.5 వోల్టులు వైరులోనే పోతాయి, అంటే 150 వాట్లు ఊరికే వేడి. 4 చదరపు మి.మీ. వేస్తే నష్టం 6 వోల్టుల లోపే. తేడా ఖర్చు పెద్దది కాదు, 4 వేయించండి. మీటర్ వైపు 20 ఆంప్స్ సి-కర్వ్ ఎంసీబీ (లోడు మించితే లైను తెంపే స్విచ్), దాంతో పాటు 30 మిల్లీ ఆంప్స్ టైప్-ఏ ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే షాక్ కొట్టకుండా తెంపేది). ఎలక్ట్రీషియన్లు చేతికి దొరికిన టైప్-ఏసీది బిగించేస్తారు, డబ్బా మీద గుర్తు చూసి తీసుకోండి.

ఎక్కువ చోట్ల కాలేది వైరు కాదు, సాకెట్. గీజర్ కోసం చేసిన 16 ఆంప్స్ సాకెట్ పావుగంట వాడకానికి బాగానే ఉంటుంది. మూడు గంటలు ఏకబిగిన లాగితే లోపలి పిన్ను పట్టు వదులై, ప్లాస్టిక్ గోధుమ రంగుకి తిరిగి, వాసన వస్తుంది. కాబట్టి ఇండస్ట్రియల్ మెటల్‌క్లాడ్ సాకెట్ పెట్టించండి. బండి స్క్రీన్‌లో కరెంటు 10 ఆంప్స్‌కి తగ్గించండి. అప్పుడు నాలుగు గంటల పైన పడుతుంది, రాత్రంతా ఉంది కదా. మొదటి రోజు అరగంట తర్వాత ప్లగ్ తీసి పిన్నులు ముట్టుకుని చూడండి. గోరువెచ్చగా ఉంటే సరే, వేలు పెట్టలేనంత వేడుంటే ఆపేయండి.

ఎర్తింగ్ సరిగ్గా లేకపోతే పోర్టబుల్ ఛార్జర్ ఎర్ర లైటు వేసి మొరాయిస్తుంది. న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య వోల్టేజ్ కొలిపించండి, 2, 3 వోల్టులు దాటితే ముందు దాన్ని సరిచేయించాలి. ఎర్త్ పిన్ను పీకేసి నడిపించే మహానుభావులు ఉంటారు, అలాంటి వాళ్లని మీ పార్కింగ్ దరిదాపులకి కూడా రానివ్వొద్దు. జనరేటర్ మీద ఈ లైను రాకుండా చూసుకోండి. బ్యాకప్‌లో ఫ్లాట్‌కి ఇచ్చే లోడు తక్కువ, ఛార్జర్ తగిలితే ఇల్లంతా ట్రిప్ అవుతుంది.

పలమనేరు_బాబు

అందరికీ థాంక్స్ అన్నా. వైరు దూరం కొలిపించాను, 35 మీటర్లు వచ్చింది. రెండు డౌట్లు. బండి యమలూరు వైపు అపార్ట్‌మెంట్‌లో ఉండేదని తెలిసింది. 2022 వరదల్లో మునిగిందా అని ఎలా తెలుసుకోవాలి? పలమనేరు దాటాక మొగిలి ఘాట్ దిగేటప్పుడు బ్యాటరీ నిండుతుందంటారు, నిజమేనా?

లెక్కల_మాస్టారు

2022 సెప్టెంబరులో అటువైపు బేస్‌మెంట్లు మునిగాయి, కాబట్టి అనుమానం సబబే. 2021 నుంచి ప్రతి ఏడాది ఇన్సూరెన్స్ పాలసీ కాపీ అడగండి. నో క్లెయిమ్ బోనస్ వరసగా 20, 25, 35, 45, 50 శాతం పెరగాలి. ఆ వరదల తర్వాత వచ్చిన రెన్యువల్‌లో ఒక్కసారిగా సున్నా అయితే క్లెయిమ్ పడిందన్న మాట. కానీ బోనస్ ఓనర్‌ది, బండిది కాదు. ఓనర్ మారిన ఏడాది సున్నా కనిపిస్తే తప్పు పట్టలేం. అందుకని బదిలీ తేదీ ఆర్‌సీలో చూసి పోల్చుకోండి.

స్పానర్_సుబ్బయ్య

కాగితాలు సరే, బండిలో కూడా ఆనవాళ్లుంటాయి. సీటు బెల్టు చివరిదాకా లాగి చూడండి, ఎవరూ కడగని చోట అది. అక్కడ అడ్డంగా మట్టి గీత ఉంటే ఇక మాటలొద్దు. సీటు పట్టాల బోల్టుల మీద తుప్పు, డిక్కీ నేల కింద 12 వోల్టుల బ్యాటరీ దగ్గర తెల్ల పొడి, కార్పెట్ కింద ఫోమ్‌లో తడి వాసన చూడండి. ఆరెంజ్ రంగు వైర్లు, వాటి కనెక్టర్లు మాత్రం చేత్తో ముట్టుకోవద్దు. వాటిని లిఫ్ట్ ఎక్కించాక సర్వీస్ సెంటర్ వాళ్లే చూడాలి. టీ8లో బ్యాటరీ, వెనక మోటార్ రెండూ కిందే ఉంటాయి. మునిగిన బీ6ని ఆలోచిస్తే ఆలోచించొచ్చు, మునిగిన టీ8ని సగం ధరకిచ్చినా వద్దు.

ఘాట్ సంగతి. గేర్ బీలో (కాలు తీయగానే మోటారే బండిని ఆపుతూ కరెంటు తీసే మోడ్) పెట్టి దిగితే బ్రేకు మీద భారం తగ్గుతుంది, బ్యాటరీ కూడా కొంత ఎక్కుతుంది. అయితే ఘాట్ మొదట్లోకి బ్యాటరీ ఫుల్‌గా వస్తే పట్టుకోవడానికి చోటుండదు. ఇంట్లో ఫుల్ చేసుకుని బయల్దేరి, కోలారు దాకా ఊళ్లలోనూ సర్వీస్ రోడ్లలోనూ ప్యూర్‌లో ఖర్చు పెట్టేయండి. దిగేటప్పుడు ఎక్కిన ఛార్జ్‌ని హోల్డ్ బటన్ నొక్కి తిరుపతి ట్రాఫిక్ కోసం దాచుకోండి. ఛార్జ్ బటన్ జోలికి పోవద్దు, అది ఇంజన్ని తిప్పి బ్యాటరీ నింపుతుంది, పెట్రోల్ పోసి కరెంటు కొన్నట్టే.

టెస్ట్ డ్రైవ్‌లోనే బంకుకి కూడా తీసుకెళ్లండి. టీ8 పెట్రోల్ మూత నొక్కితే తెరుచుకోదు. బండి ఆపగానే డాష్‌బోర్డ్ మీద బటన్ నొక్కాలి, ట్యాంకులో ప్రెషర్ దిగాకే మూత వదులుతుంది. స్క్రీన్ మీద రెడీ అని రాకుండా అలాగే ఉండిపోతే ఆ ఫాల్ట్ కూడా స్కాన్ లిస్టులో రాయించి, బాగుచేశాకే మిగతా డబ్బు ఇవ్వండి. ఈలోగా బంకు కుర్రాడు మూతని గోరుతో పెకిలించకుండా చూసుకోండి.