గోడ పక్కన తెల్లపూల మొక్క: వయ్యారిభామేనా?

ప్రశ్న (గుంటూరు, గోరంట్ల): మా ఖాళీ స్థలంలో గోడ వెంబడి ఈ మొక్క పరుచుకుపోయింది. ఎండలకీ చావలేదు. పక్కింటివాళ్లు వయ్యారిభామ (పార్థీనియం కలుపు మొక్క) అంటూ గడ్డిమందు కొట్టించమంటున్నారు. అమ్మకి ఉబ్బసం, అందుకే భయంగా ఉంది. పక్కనే మిరప కుండీలూ ఉన్నాయి. ఫొటో పెట్టాను, చూసి చెప్పగలరు.

జవాబు: భయపడకండి అక్కా, అది గడ్డి చామంతి. పలకలు తుడిచే ఆకు అంటే అమ్మగారు ఇట్టే గుర్తుపడతారు. వయ్యారిభామ నిటారుగా నడుమెత్తు పెరుగుతుంది, ఆకు క్యారెట్ ఆకులా చీలికలుగా ఉంటుంది, బుల్లి తెల్లపూలు గుత్తులు గుత్తులుగా పూస్తాయి. మీది నేలమీద పాకుతోంది, ఆకు అంచున రంపపు పళ్లు, ఒంటినిండా నూగు. పొడుగాటి కాడకి ఒక్కటే పువ్వు. రేకు కొస దగ్గరగా చూడండి, మూడు పళ్లుగా ఉంటుంది.

ఇది మధ్య అమెరికా వైపు నుంచి వచ్చిన మొక్కే. అయినా మన ఎండలకి పచ్చికంతా మాడిపోయాక కూడా పూస్తూనే ఉంటుంది, అప్పుడు చిన్న సీతాకోకచిలుకలకీ తేనెటీగలకీ ఇదే ఆధారం. ఆ పసుపు బొడ్డు ఒక్క పువ్వు కాదు, బోలెడు గొట్టపు పూల గుత్తి. బయటి వరస ముందు విచ్చుకుని, తర్వాత లోపలివి విచ్చుకుంటాయి. పొద్దెక్కాక కాసేపు నిలబడి చూడండి. సీతాకోకచిలుక అదే పువ్వు మీద గుండ్రంగా తిరుగుతూ ఒక్కో గొట్టంలో తొండం పెడుతుంది. దీన్ని మందు కొట్టి చంపడానికి నాకైతే మనసొప్పదు.

మరో సభ్యుడు (ప్రత్తిపాడు, మిరప రైతు): మిరప పక్కన మాత్రం వద్దండీ. తామర పురుగులు (త్రిప్స్ అనే రసం పీల్చే సన్నటి పురుగులు) పూలల్లోనే దాక్కుంటాయి. 2021లో నల్ల తామర పురుగు మా మిరప పూతని ఎలా నాశనం చేసిందో ఈ జిల్లాలో అందరం చూశాం. గడ్డిమందు అసలు వద్దు, గాలికి నాలుగు చుక్కలు పడినా మిరపాకు ముడుచుకుపోతుంది.

జవాబు: అన్న చెప్పింది నిజం. కుండీల చుట్టూ ఉన్నవి పీకేసి, గోడ వారవి ఉంచండి. పువ్వు ముదిరి దూదిలాంటి బూర విప్పుకుంటే విత్తనాలు గాలికి ఎగిరిపోతాయి, ఆలోపే ఆ తలలు తుంచండి. నిజంగా వయ్యారిభామ కనబడితే మాత్రం పూతకి రాకముందే గ్లవుజులు వేసుకుని పీకాలి. దాని పుప్పొడి ఉబ్బసం ఉన్నవాళ్లకి మంచిది కాదు, అమ్మగారిని అటు రానీయకండి.

ప్రశ్న అడిగినవారు: థాంక్యూ అండీ. కుండీల దగ్గరవి కోస్తే చాలా, మళ్లీ వస్తాయా?

జవాబు: కోస్తే మళ్లీ చిగురిస్తుంది. కణుపు నేలకి తగిలిన చోటల్లా వేరు దిగుతుంది కాబట్టి, తడి ఉన్నప్పుడు తీగ మొత్తం ఎత్తి తల్లివేరుతో లాగండి.