భారీ ఆన్‌లైన్ ఆటలు విడుదలకు ముందే ఎందుకు రద్దవుతున్నాయి? ఎంఎంఓలకు ఇక భవిష్యత్తు ఉందా?

బుగ్గవంక (కడప) అడుగుతున్నారు:

2025 జూలైలో మైక్రోసాఫ్ట్ దాదాపు 9,000 మందిని ఉద్యోగాల నుంచి తొలగించినప్పుడు, ఆ కంపెనీ కిందనే ఉన్న జెనిమాక్స్ ఆన్‌లైన్ స్టూడియోస్ 2018 నుంచి తయారుచేస్తూ వచ్చిన ఒక కొత్త ఎంఎంఓ ఆట (వేల మంది ఒకే ఆన్‌లైన్ లోకంలో కలిసి ఆడేది) కూడా రద్దయిపోయింది. ‘బ్లాక్‌బర్డ్’ అన్న లోపలి పేరు తప్ప దాని గురించి బయటివాళ్లకు తెలిసింది చాలా తక్కువ. ఆట పోయినందుకంటే, అది ఎవరి చేతుల్లోంచి పోయిందో చూసి నాకు ఎక్కువ ఆశ్చర్యం కలిగింది. 2014లో ఎల్డర్ స్క్రోల్స్ ఆన్‌లైన్‌ను విడుదల చేసి, మొదట్లో వచ్చిన విమర్శలన్నీ తట్టుకుని, పదేళ్లకు పైగా దాన్ని నడిపిన స్టూడియో అది. దాని అధిపతి మాట్ ఫైరర్ కూడా ఆ రోజుల్లోనే స్టూడియోను వదిలి వెళ్లారు. ఇలాంటి ఆటను ఎలా కట్టాలో, కట్టాక ఎలా నిలబెట్టాలో తెలిసినవాళ్లకే ఏడేళ్ల శ్రమ దక్కకపోతే మిగతావాళ్ల మాటేమిటి?

నేను కడపలో బీటెక్ చివరి సంవత్సరం చదువుతున్నాను. ఈ ఆటల వెనుక నడిచే సర్వర్ల పని నేర్చుకోవాలని గట్టిగా అనుకుంటున్నాను గానీ, తోటి విద్యార్థులు మాత్రం ఎంఎంఓల కాలం ఎప్పుడో అయిపోయిందని, పోయే గాడిదకు పొన్నులు కొట్టించడం ఎందుకని నవ్వుతున్నారు. ఆటగాళ్ల అభిరుచి మారినందుకు ఇవి ఆగిపోతున్నాయా, లేక వీటిని కట్టే పద్ధతిలోనే లోపం ఉందా? డబ్బు చాలలేదన్న జవాబు నాకు చాలదు, ఎందుకంటే రద్దు చేసినవాళ్లలో ఎవరూ డబ్బు లేనివాళ్లు కారు.

తుంగభద్ర ఒడ్డు (కర్నూలు) జవాబు:

నేను చాలాకాలం సర్వర్ విభాగంలోనే పనిచేశాను, ఆటల కంపెనీలో కాకపోయినా. మీ ప్రశ్నకు బ్లాక్‌బర్డ్ కంటే పాత ఉదాహరణ ఒకటి బాగా పనికొస్తుంది, ఎందుకంటే ఆ ఆట గురించి తయారుచేసినవాళ్లే బహిరంగంగా ఎంతో చెప్పారు. 2013 ఆగస్టులో సోనీ ఆన్‌లైన్ ఎంటర్‌టైన్‌మెంట్ లాస్ వేగాస్‌లో ‘ఎవర్‌క్వెస్ట్ నెక్స్ట్’ అనే ఎంఎంఓను ప్రకటించింది. అందులో నేలను తవ్వవచ్చు, గోడలను, వంతెనలను పగలగొట్టవచ్చు అన్నారు. నలభైకి పైగా క్లాసులను (యోధుడు, మాంత్రికుడు లాంటి పాత్ర రకాలను) కలుపుకుని ఎవరి పాత్రను వాళ్లు తీర్చిదిద్దుకోవచ్చు. దారి కాచి దోచుకునే ఓర్క్‌లు (కంప్యూటర్ నడిపే రాక్షసులు) ఒకే చోట నిలబడి ఆటగాళ్ల కోసం ఎదురుచూడకుండా, కాపలా పెరిగిన దారిని వదిలేసి, తమంతట తామే జనసంచారం తక్కువగా ఉన్న మరో దారికి తరలిపోతాయి. ఒక గుడారాల శిబిరం, ఆ సర్వర్‌లోని ఆటగాళ్లందరూ నెలల తరబడి చేసే పనులను బట్టి నగరంగా ఎదుగుతుంది. 2015 ఫిబ్రవరిలో సోనీ ఆ విభాగాన్ని అమ్మివేయడంతో అది ‘డేబ్రేక్’ అయింది. 2016 మార్చిలో ఆట రద్దయింది. ముక్కలన్నిటినీ ఒకచోట కలిపి చూస్తే అది సరదాగా లేదని అప్పటి అధ్యక్షుడు రస్ షాంక్స్ కారణం చెప్పారు. దానికి ఏడాదిన్నర ముందు, 2014 సెప్టెంబరులో, బ్లిజార్డ్ కంపెనీ ఏడేళ్లు పనిచేసిన ‘టైటన్’ అనే ఎంఎంఓను ఆపేస్తూ దాని అధిపతి మైక్ మొర్‌హైమ్ చెప్పిన కారణమూ ఇదే.

ఇద్దరూ ఒకే మాట అనడం నాకు కాకతాళీయంగా తోచడం లేదు. గంటలో తేలిపోయే ఆటనైతే బొమ్మలు లేకుండా, పెట్టెలూ గీతలతో తయారుచేసి, నలుగురిని కూర్చోబెట్టి ఆడిస్తే అందులో పస ఉందో లేదో నెల తిరగకుండానే తెలిసిపోతుంది. ఎంఎంఓలో ఆ వీలు లేదు. ఆటలో ఆటగాళ్ల మధ్య జరిగే వ్యాపారం బాగుందో లేదో తెలియాలంటే వేల మంది కొనాలి, అమ్మాలి. వాళ్లు అమ్మడానికి వస్తువులు ఉండాలి. వస్తువులు దొరకడానికి యుద్ధాలు ఉండాలి. యుద్ధాలకు అర్థం రావాలంటే పాత్ర ఎదిగే పద్ధతి కుదరాలి. జనం రాని తిరునాళ్లలో అంగళ్లు ఎంత ముచ్చటగా ఉన్నా బేరం ఎలా సాగుతుందో చెప్పలేం కదా. అందుచేత ఆట బాగుందా లేదా అన్న తీర్పు నాలుగో ఏటో ఆరో ఏటో గాని రాదు, అప్పటికి ఖర్చు జరిగిపోయి ఉంటుంది. మీరు అడిగిన లోపం ఇక్కడే ఉందని నా అభిప్రాయం.

దీనికి సాంకేతికమైన చిక్కు ఒకటి తోడవుతుంది. ఒకే మైదానంలో 100 మంది ఉంటే ఒక్కొక్కరి కదలిక మిగతా అందరికీ తెలియాలి, అంటే సర్వర్ ప్రతి క్షణాంశంలోనూ సుమారు 10,000 సమాచారాలు పంపాలి. 200 మంది అయితే 40,000. మనుషులు రెట్టింపయితే పని నాలుగింతలవుతుంది. ఈవ్ ఆన్‌లైన్ అనే అంతరిక్ష ఎంఎంఓలో వేల మంది ఒకేచోట యుద్ధానికి దిగినప్పుడు, సర్వర్ కుప్పకూలకుండా ఆటలోని కాలాన్నే అవసరమైతే పదో వంతు వేగానికి తగ్గిస్తారంటే ఈ భారం ఎంతటిదో ఊహించండి. దీని మీద పగిలే నేలను కూడా చేర్చితే, ఎవరు ఎక్కడ ఎంత గొయ్యి తవ్వారో సర్వర్ గుర్తుపెట్టుకోవాలి, అటు వచ్చిన ప్రతివాడికీ పంపాలి, ఓర్క్‌లు ఆ గోతిలో పడకుండా కొత్త దారి లెక్కగట్టాలి. ఒక్కో ఆలోచన విడిగా సాధ్యమే. అన్నీ ఒకే ఆటలో, అదీ మొదటి రోజు నుంచే ఉండాలన్న పట్టుదలే కొంప ముంచింది.

గడియారస్తంభం (అనంతపురం) జవాబు:

తమ్ముడూ, పైన చెప్పిన సాంకేతిక విషయాలతో నాకు పేచీ లేదు. అయితే మన ప్రాంతంలో నిలబడి చూస్తే ఈ కథ మరో విధంగా కనిపిస్తుంది. నేను అనంతపురంలో నెట్ సెంటర్ నడిపిన కాలంలో ఇంజనీరింగ్ కుర్రాళ్లు వచ్చి లాన్‌లో (సెంటర్‌లోని కంప్యూటర్లను కలిపిన నెట్‌వర్క్‌లో) కౌంటర్ స్ట్రైక్, ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ ఆడేవాళ్లు. 2010లో వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ అనే ఎంఎంఓకు ప్రపంచమంతటా కోటీ ఇరవై లక్షల మంది చందాదారులు ఉన్నప్పుడు కూడా నా దగ్గర దాన్ని అడిగినవాడు లేడు. నెలకు 15 డాలర్ల చందా, అదీ విదేశీ చెల్లింపుకు పనికొచ్చే కార్డుతో కట్టాలంటే హాస్టల్ పిల్లవాడికి ఎలా సాధ్యమవుతుంది? దానికి తోడు సర్వర్ సముద్రం అవతల ఉండేది, ఆట ఆలస్యంగా స్పందిస్తుంది. కాబట్టి ఎంఎంఓల కాలం అయిపోయిందని మనవాళ్లు అనడం నాకు కొంచెం విచిత్రంగానే ఉంటుంది. మన వీధుల్లోకి ఆ కాలం రానే లేదు.

ఇక్కడ గమనించదగ్గ ముచ్చట ఒకటి ఉంది. ఎవర్‌క్వెస్ట్ నెక్స్ట్ మీద పని సాగుతున్న రోజుల్లోనే అదే కంపెనీ, అదే ఫోర్జ్‌లైట్ ఇంజన్ (ఆటను నడిపే మూల సాఫ్ట్‌వేర్) మీద, ‘హెచ్1జెడ్1’ అనే ఆటను 2015 జనవరిలో ముందస్తుగా విడుదల చేసింది. అందులో చివరివరకు మిగిలినవాడే విజేత అనే విధానాన్ని పెట్టడానికి బ్రెండన్ గ్రీన్ సలహాదారుగా సాయపడ్డారు. 2017లో పబ్‌జీని తెచ్చింది ఆయనే. అంటే వేలాది మంది ఏళ్ల తరబడి నివసించవలసిన లోకం రద్దయిన కంపెనీలోనే, 100 మంది దిగి అరగంటలో తేల్చుకునే పద్ధతి ఒకటి రూపుదిద్దుకుంది. 2020 సెప్టెంబరులో పబ్‌జీ మొబైల్‌ను మన దేశంలో నిషేధించేనాటికి సప్తగిరి సర్కిల్ నుంచి పల్లె రచ్చబండ దాకా అది ఆడని కుర్రవాడు అరుదు. ఎంఎంఓలో గిల్డు అనే ఆటగాళ్ల జట్టు అక్కడ క్లాన్ అయింది, లెవెల్ ర్యాంకయింది, నెలసరి చందా సీజన్ పాస్ అయింది. ఎంఎంఓలోని సరుకంతా విడివిడిగా అమ్ముడుపోతున్నప్పుడు, మొత్తం దుకాణాన్ని కొత్తగా కట్టడానికి ఎవరు సాహసిస్తారు?

గండికోట గాలి (జమ్మలమడుగు) జవాబు:

కర్నూలు అన్నగారు ‘సరదాగా లేదు’ అన్న కారణాన్ని యథాతథంగా ఒప్పుకోవడం నాకు నచ్చలేదు. ఆ మాటను ఎవరూ పరీక్షించలేరు, ఆడినవాళ్లు బయట లేరు గనుక. 2015లో అమ్మకం జరిగిన వెంటనే ఎంతోమందిని తీసివేశారు. ఓర్క్‌ల బుర్రను తయారుచేస్తున్న స్టోరీబ్రిక్స్ సంస్థతో ఒప్పందం కూడా అప్పుడే ముగిసింది. ఆటకు ప్రాణమని చెప్పిన భాగాన్ని తీసేసి, ఏడాది తర్వాత ప్రాణం లేదని చెప్పడంలో నిజం ఎంత? బ్లాక్‌బర్డ్ విషయంలోనూ సమయం యజమాని లెక్కలను బట్టే వచ్చింది గాని ఆట స్థితిని బట్టి వచ్చినట్టు కనిపించదు. దీనికి ఎదురుగా ఫైనల్ ఫాంటసీ 14 అనే ఎంఎంఓను చూడండి. 2010లో విడుదలై తీవ్రంగా విఫలమైన ఆ ఆటను, స్క్వేర్ ఎనిక్స్ కంపెనీ నవోకీ యోషిదా అనే కొత్త దర్శకుడి చేతికి అప్పగించి, 2012 నవంబరులో పాత సర్వర్లను మూసివేసి, 2013 ఆగస్టులో కొత్తగా కట్టి తెచ్చింది. ఇప్పటికీ అది నడుస్తోంది. కట్టే పద్ధతి అక్కడా కష్టమైనదే. యజమాని ఓపిక పట్టాడు, అంతే.

అయితే ఓపికొక్కటే చాలదని కూడా ఒప్పుకోవాలి. అమెజాన్ తెచ్చిన ‘న్యూ వరల్డ్’ను 2021 సెప్టెంబరులో విడుదలైన కొద్ది రోజులకే స్టీమ్ అనే ఆటల ఆన్‌లైన్ దుకాణంలో ఒకేసారి తొమ్మిది లక్షల మందికి పైగా ఆడారు. నాలుగేళ్ల తర్వాత, 2025 అక్టోబరులో, ఇక కొత్త కంటెంట్ రాదని ప్రకటించారు. తయారీదారులు ఏళ్ల తరబడి చేసిన పనిని ఆటగాళ్లు వారాల్లో పూర్తిచేసి తర్వాతేమిటని అడుగుతారు, ఆ ఆకలి తీర్చడం ఎవరి తరమూ కాదు.

నా అసలు కోపం వేరే చోట ఉంది. ఎవర్‌క్వెస్ట్ నెక్స్ట్‌కు తోడుగా ‘ల్యాండ్‌మార్క్’ అనే నిర్మాణపు ఆటను పెట్టి, దాని ముందస్తు ప్యాకులను 20 నుంచి 100 డాలర్ల దాకా అమ్మారు. అసలు ఆట రద్దయింది, ల్యాండ్‌మార్క్ 2016 జూన్‌లో విడుదలై 2017 ఫిబ్రవరిలో మూతపడింది. కొన్నవాళ్లు కట్టుకున్న ఇళ్లు, కోటలు అన్నీ సర్వర్‌తోపాటే పోయాయి. సిటీ ఆఫ్ హీరోస్ అభిమానులు 2012లో మూతపడిన తమ ఆటను వదలకుండా పట్టుకుని, 2024 జనవరిలో హక్కుదారైన ఎన్‌సీసాఫ్ట్ నుంచి లైసెన్సు సంపాదించి, ‘హోమ్‌కమింగ్’ పేరుతో స్వయంగా నడుపుకుంటున్నారు. ఎంఎంఓల భవిష్యత్తు ఏమిటని అడిగితే నాకు ముందుగా గుర్తొచ్చేది అలాంటి సర్వర్లే.

బుగ్గవంక (కడప):

అందరికీ కృతజ్ఞతలు. తీర్పు ఆలస్యంగా వస్తుందన్నదీ, యజమాని ఓపిక ముందే అయిపోతుందన్నదీ నాకు వేర్వేరు కారణాలుగా అనిపించడం లేదు. ఆలస్యం అవుతున్న కొద్దీ ఓపిక తరుగుతుంది గదా. అన్నా, ఇంతకీ నేను ఈ పని నేర్చుకోవడం మంచిదేనా? ఎక్కడ మొదలుపెట్టాలి?

తుంగభద్ర ఒడ్డు (కర్నూలు):

జమ్మలమడుగు చెల్లెలు చెప్పిన అమ్మకం సంగతి సరైనదే, కాని టైటన్‌కు యజమాని మారలేదు, ఓపికా డబ్బూ రెండూ ఉన్నాయి. అయినా అది ఆగింది. దాని శకలాలతోనే 2016లో ఓవర్‌వాచ్ అనే జట్ల షూటింగ్ ఆట వచ్చింది. కాబట్టి నా వాదనను పూర్తిగా వదులుకోను.

మీ విషయానికి వస్తే, నేర్చుకోండి. 1999 నాటి ఎవర్‌క్వెస్ట్, 2003 నాటి ఈవ్ ఈనాటికీ నడుస్తున్నాయంటే వాటి సర్వర్లను చూసుకునేవాళ్లు ఉన్నారన్న మాటే. సరికొత్త మహాలోకాలు తగ్గినా, పాతవాటిని నిలబెట్టేవాళ్లకూ, అనంతపురం అన్న చెప్పిన 100 మంది ఆటలను నడిపేవాళ్లకూ పని ఉంటుంది. రెండింటికీ కావలసిన విద్య ఒకటే. బొమ్మల జోలికి వెళ్లకండి. ఒక ఖాళీ మైదానం, అందులో కదిలే చుక్కలు, వాటిని నడిపే బాట్లు (మనుషుల బదులు ఆడే ప్రోగ్రాములు), ఇంతే రాయండి. మొదట ప్రతి చుక్క కదలికనూ అందరికీ పంపి, ఎన్ని బాట్ల దగ్గర సర్వర్ తడబడుతుందో కొలవండి. ఆ తర్వాత మైదానాన్ని గళ్లుగా విభజించి, ఒక్కొక్కరికి తన గడినీ చుట్టూ ఉన్న ఎనిమిది గళ్లనూ మాత్రమే చూపండి. చివరికి బాట్లన్నిటినీ ఒకే గడిలోకి నడిపించి మళ్లీ కొలిచి, ఆ అంకెలను ఇక్కడ పెట్టండి, చూద్దాం.