హాంకాంగ్ ఫూయీ పాత క్యాసెట్: బొమ్మ మీద గీతలు

ప్రశ్న: అన్నా, కేబుల్‌లో రికార్డు చేసిన హాంకాంగ్ ఫూయీ కార్టూన్ క్యాసెట్ ఉంది. బొమ్మంతా గీతలే. కంప్యూటర్‌లోకి ఎక్కించాల. అనంతపురంలో వీసీఆర్ బాగుచేసేవాళ్లు దొరకడంలేదు.

జవాబు 1: ముందు క్యాసెట్ కిటికీలోంచి చూడు. టేపు చుట్ట మీద తెల్లటి పొడి ఉంటే బూజు. అది వేస్తే వీసీఆర్‌లో టేపును చదివే హెడ్డూ పాడవుతుంది, తర్వాత వేసే క్యాసెట్లకూ అంటుకుంటుంది. బూజు లేకపోతే ఒకసారి చివరిదాకా తిప్పి, వెనక్కి చుట్టు, బిగువు సరిపోతుంది. హెడ్డు తుడవడానికి 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్, మెత్తటి షామీ తోలు. తోలు కదలకుండా ఆనించి, హెడ్డు ఉండే గుండ్రటి డ్రమ్మును చేత్తో తిప్పు. పైకీ కిందికీ రుద్దితే హెడ్డు విరుగుతుంది. ఇయర్‌బడ్ అసలొద్దు, దూది పోగులు ఇరుక్కుంటాయి.

జవాబు 2: గీతలు పైకో కిందికో జరుగుతుంటే అది ట్రాకింగ్ తేడా, అంటే హెడ్డు టేపు మీది రికార్డింగ్‌కి సరిగా కుదరకపోవడం; వీసీఆర్ మీది ట్రాకింగ్ బటన్‌తోనే పోతుంది. కంప్యూటర్‌లోకి ఎక్కించే క్యాప్చర్ సాఫ్ట్‌వేర్‌లో పాల్ (మన దేశపు టీవీ పద్ధతి), సైజు 720×576, సెకనుకు 25 ఫ్రేములు పెట్టు.

జవాబు 3: 1974 నాటి హన్నా-బార్బెరా సీరియల్, మొత్తం 16 ఎపిసోడ్లే. హీరోకి డబ్బింగ్ చెప్పిన స్కాట్‌మన్ క్రోథర్స్ గొంతు కోసమైనా దాచుకోవాల. హాంకాంగ్ ఫూయీగా వేషం మార్చే కుక్క పెన్రీ బీరువా సొరుగులో ఇరుక్కుంటే స్పాట్ పిల్లి ఒక్క దెబ్బేసి బయటికి తీస్తుందే, ఆ సీన్‌లో శబ్దం సరిగా వస్తోందో లేదో చూసుకో.