వెల్‌నెస్ డబ్బు ముందు దేనికి? హెల్త్ క్యాంపుకా, నీళ్లూ నీడకా?

తాడిపత్రి_బండలు
బండల పాలిషింగ్ యూనిట్. 60 మంది: ఆరుబయట లోడింగ్‌కు 20, షెడ్డులో 40. అందులో 12 మంది ఆడోళ్లు. పనివాళ్ల ఆరోగ్యానికని యజమాని ఈ ఏడు 1,20,000 పక్కన పెట్టినాడు. రెండు హెల్త్ క్యాంపులు పెట్టమని కొందరు, నీళ్లూ నీడా దుమ్ము సంగతి చూడమని కొందరు. ముందు ఏది చేయల్ల? కారణంతో చెప్పండి.

ఎండ_లెక్క
నీళ్లే ముందన్నా. ఎండలో బండలు ఎత్తే మనిషికి 20 నిమిషాలకు పావు లీటరు పడల్ల. గంటకు ముప్పావు, 8 గంటలకు 6 లీటర్లు. లోడింగ్ 20 మందికి 120, షెడ్డులో తలా 4 లీటర్ల లెక్కన 160. మొత్తం 280 లీటర్లు, అంటే 20 లీటర్ల క్యాన్లు 14. నాలుగైదు క్యాన్లు దించి ఊరుకుంటే మధ్యాహ్నానికే అడుగంటుతాయి. క్యాను ఆఫీసు గది పక్కన పెడితే లోడింగ్ వాళ్లు అంత దూరం రారు, లారీ దగ్గర నీడలో పెట్టల్ల. బోరు నీళ్లయితే ముందు ఫ్లోరైడ్ పరీక్ష చేయించండి. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే తాగడానికి పనికిరావు, కాచినా ఫ్లోరైడ్ పోదు.
ఇంకోటి, ఎండాకాలంలో కొత్తగా చేరినోళ్లకు మొదటి దినమే పూర్తి పని చెప్పొద్దు. మొదటి రోజు ఎండలో 20 శాతం, ఆపైన రోజుకు 20 శాతం పెంచండి. దీనికి పైసా ఖర్చు లేదు.

నర్సక్క_కడప
నీళ్లు వద్దనే మాట నేను అనను తమ్ముడూ. కానీ బీపీ, షుగరు లోపల ఉన్నా మనిషికి తెలియదు, అందుకే పరీక్ష కావాలి. క్యాంపులు చెడేది చేసే తీరుతో. బండ దించి చెమటతో వచ్చినవాణ్ణి నిలబెట్టి పట్టీ కడితే బీపీ ఎక్కువే చూపిస్తుంది. టీ, బీడీ మానేసి అరగంట కావాలి. కుర్చీలో 5 నిమిషాలు ఆనుకుని కూర్చోవాలి, పాదాలు నేల మీద, చెయ్యి గుండె ఎత్తులో, మాటలు లేకుండా. నిమిషం ఆగి రెండోసారి చూడాలి. 140/90 దాటితే మరో రోజు మళ్లీ చూశాకే రోగం అనాలి. షుగరు పరగడుపున 126 గానీ ఆపైన గానీ వస్తే, దాన్నీ ఇంకో రోజు నిర్ధారించుకోవాలి. అందుకే ఒక రోజు పెద్ద క్యాంపు కన్నా వారానికి పదిమంది చొప్పున షిఫ్టు మొదట్లో చూడటం మేలు.

కూలి_పక్షం
చూసిన కాగితం ఎవరి చేతికి పోతాదక్కా? మేస్త్రీ చేతిలో షుగరు జాబితా పడితే ఆ మనిషికి రేపటి నుంచి లోడింగ్ రాదు, కూలి తగ్గుతాది. తరువాతి సారి ఒక్కరూ రారు. రిపోర్టు మనిషికే మూసిన కవరులో ఇయ్యల్ల. యజమానికి ఎంతమందిని చూసినారో అంతే. అయిదుమంది ఉండే సెక్షన్‌కు విడిగా లెక్క ఇచ్చినా ఎవరో తెలిసిపోతాది, అది కూడా వద్దు.
ఇంక 12 మంది ఆడోళ్లకు శుభ్రమైన, గడియ పడే, నీళ్లొచ్చే మరుగుదొడ్డి ఉందా? లేకుంటే 14 క్యాన్లు పెట్టినా వాళ్లు తాగరు. పొద్దుటి నుంచి నోరు కట్టుకుంటారు, మూత్రంలో మంట వస్తాది. ఇదీ, తాగునీళ్లూ చట్టప్రకారం ఉండల్సినవే. వీటిని వెల్‌నెస్ ఖాతాలో రాసి ఆ 1,20,000 కరిగించడం అన్యాయం.

ఎండ_లెక్క
ఆ మాట ఒప్పుకుంటా. నీళ్లు, దొడ్డి ఫ్యాక్టరీ నిర్వహణ ఖర్చులో పోవల్ల. మిగిలిన డబ్బులో దుమ్ముకు వాటా ఉంచండి. రంపం కింద నీళ్లు పడతాయి గానీ, అంచులు చేతి గ్రైండర్‌తో పొడిగా కోస్తారు, అసలు దుమ్ము అక్కడే లేస్తాది. గ్రైండర్‌కు సన్న నీటి పైపు బిగించండి, కరెంటు లైనుకు ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే ఆపే స్విచ్చి) తప్పనిసరి. ఎండిన స్లర్రీని (కోతలో నీళ్లతో కలిసిన రాతి బురదని) చీపురుతో ఊడ్చొద్దు, తడిపి పారతో ఎత్తల్ల. సున్నపురాయిలో కూడా కొంత సిలికా, అంటే ఊపిరితిత్తులను చెడగొట్టే సన్న రాతిపొడి, ఉంటాది. గుడ్డ, కాగితం మాస్కు దాన్ని ఆపదు. ఎన్95 కావాల, గడ్డం ఉంటే అదీ సరిగ్గా అతకదు.

నర్సక్క_కడప
దుమ్ము విషయంలో మీదే సరి. ఊపిరితిత్తి చెడ్డాక ఎక్స్‌రే చూపిస్తుంది, బాగు చేయదు. నీళ్ల దగ్గర ఒక జాగ్రత్త: ఓఆర్ఎస్‌ను అందరికీ రోజూ పోయొద్దు. బీపీ ఉన్నవాళ్లకు ఆ ఉప్పు చేటు. మామూలు నీళ్లు, వేళకు అన్నం చాలు. చెమట విపరీతంగా కారిన రోజు, విరేచనాలప్పుడు లీటరు ప్యాకెట్‌ను మొత్తం లీటరు నీళ్లలో కలపాలి, సగం ప్యాకెట్ గ్లాసులో కాదు. మాట తడబడి, ఒళ్లు కాలిపోతుంటే 108కి ఫోన్ చేసి, నీడకు చేర్చి ఒంటి మీద నీళ్లు పోసి విసరండి. స్పృహ లేకుంటే నోట్లో ఏమీ పోయకండి.

తాడిపత్రి_బండలు
మందుల ఖర్చో? బీపీ తేలినోళ్లకు నెలనెలా ఎవరు ఇస్తారు?

కూలి_పక్షం
60 మంది ఉన్నారు, ఈఎస్ఐ (పనివాళ్ల ప్రభుత్వ ఆరోగ్య బీమా) వర్తిస్తాది. నెల జీతం 21,000 లోపు ఉన్నోళ్లకు జీతంలో యజమాని 3.25 శాతం, పనివాడు 0.75 శాతం కట్టల్ల. కుటుంబానికీ వైద్యం ఉంటాది, జబ్బు సెలవుకు 70 శాతం కూలి, ఏడాదికి 91 రోజుల దాకా. మేస్త్రీ కింద తెచ్చిన కూలీల పేర్లు అందులో ఎక్కినాయా లేదా అది ముందు చూడప్పా. పేరు లేనోళ్లకు బీపీ ఉందని చెప్పి పంపిస్తే మందులు సొంత జేబు నుంచే కొనల్ల, రెండో నెలకు మానేస్తారు.

నర్సక్క_కడప
అవును, అందరి పేర్లూ ఎక్కాకే పరీక్షలు మొదలుపెట్టండి. నాకు అభ్యంతరం లేదు. అయితే ఆ పని జూన్ దాకా సాగదీయకండి.