ఈ వారం సమస్య: చచ్చినట్టివాఁడు వచ్చి పాడె

నిర్వాహకుడు: ఆటవెలది పద్యానికి చివరి పాదం ఇచ్చాను, ముందు మూడు పాదాలూ మీరు పూరించాలి. చచ్చి–వచ్చి ప్రాసయతి, అంటే రెండో అక్షరాలు కలిసే యతి. దయ్యాలూ పునర్జన్మలూ వద్దు, ఫోనో మైకో టేపో రావాలి, దాని వెనక మన పాత అలవాటు ఒకటి కనబడాలి.

కోనసీమ:
తాత పోయె, నింట తడికన్నుల నడుమ
భజన చేయువారు పట్నమేగ
కారు మైకులోన ఘంటసాలయె గీత
చచ్చినట్టివాఁడు వచ్చి పాడె.

మా ఊళ్ళో ఎవరైనా పోతే రాత్రంతా భజన ఉండేది, ఇప్పుడు వైకుంఠ రథం మీద మైకే.

నిర్వాహకుడు: "పట్నమేగ" ఒక్కటి చాలు, ఊరు ఖాళీ అయిన సంగతంతా వచ్చేసింది. పైగా ఆ భగవద్గీత రికార్డు మాస్టారు 1974లో పోయాకే విడుదలైంది కాబట్టి సమస్య అక్షరాలా నిజమైంది.

మువ్వ: అంతా బాగుంది కానీ ఆయన్ని పేరుపెట్టి "వాఁడు" అనడం గుచ్చుకుంటోందండీ. "కారు మైకులోన గళమెత్తి గీతను" అని చూడండి, గణాలూ యతీ సరిపోయాయి. ఆ గొంతు ఎవరిదో తెలుగువాళ్ళకి విడిగా చెప్పాలా?

తెర వెనక:
ఈల వేసి సభయె యింకొక్కసారన
నాఁడు లేచి పాడె నటుఁడు, నేఁడు
వేలి కొసను ఫోను వెనుకకు జరిపిన
చచ్చినట్టివాఁడు వచ్చి పాడె.

పద్యనాటకంలో చచ్చి పడున్న పాత్ర, జనం వన్స్ మోర్ అనగానే లేచి మళ్ళీ రాగం అందుకునేదని పెద్దవాళ్ళు చెప్పేవారు కదా, అదే.

మువ్వ: అబ్బ! నాడు చచ్చింది పాత్ర, నేడు నటుడే. జరిగేది ఫోను కాదు కదా, "పాట వెనుకకు" అనండి.

కోనసీమ: నిజమే, కానీ నాటకంలో ఆ ఈల నటుడికి వినబడేది, రాగం ఇంకాస్త సాగేది. ఫోనులో ఎన్నిసార్లు జరిపినా అంతే పాడతాడు. ఆ తేడా పద్యంలోకి వస్తే ఇంకా బాగుండేది.

అరుగు:
నాజరన్న కథకు నలుగురం వంతలై
తాన తందనాన తాళమిడఁగ
పాత రికార్డు తిరుగఁ బల్లె యరుగు మీఁద
చచ్చినట్టివాఁడు వచ్చి పాడె.

నిర్వాహకుడు: "రికార్డు" ఆ చోట సూర్యగణంలో, అంటే మూడు మాత్రల్లో, ఇమడదు, "పాత టేపు" అంటే సరి. ఇంకో సందేహం, నాజర్ చెప్పే బుర్రకథకి వంతలు, అంటే కథకుడి పక్కన వంతపాడేవాళ్ళు, ఇద్దరే, ఒకరు హాస్యం, ఒకరు రాజకీయం. నలుగురెలా వచ్చారు?

అరుగు: టేపు మార్చేస్తాను. నలుగురిని మాత్రం ఉంచుతానండీ. ఆ ఇద్దరూ టేపులోనే ఉన్నారు, తందాన అన్నది మేం.