అమ్మ ఇంట్లో పాత ల్యాండ్‌లైన్ తీసేసి ఫైబర్ ఫోన్ పెట్టించవచ్చా?

కోనసీమ ఆడపడుచు:
అందరికీ నమస్కారం. అమ్మ అమలాపురం దగ్గర మా ఊళ్లో ఒక్కతే ఉంటుంది, డెబ్బై దాటాయి. ల్యాండ్‌లైన్ వానొస్తే చాలు గరగరమంటుంది, ఒక్కోసారి పూర్తిగా డెడ్. ఫైబర్ పెట్టించుకుంటే ఫోను ఇంటర్నెట్ మీదే వస్తుంది, నంబరు మారదు అని లైన్‌మన్ చెప్పాడట. అమ్మకి చూపు ఆనదు, టచ్ ఫోన్ వల్ల కాదు. రిసీవర్ ఎత్తి మాట్లాడటమే అలవాటు. నా టెన్షన్ అంతా కరెంటు గురించే. మా వైపు గాలి గట్టిగా వీస్తే కొబ్బరి మట్ట తీగల మీద పడుతుంది, ఇక కరెంటు ఎప్పుడొస్తుందో తెలియదు. పాత ఫోను అప్పుడు కూడా మోగేది. ఇది మోగుతుందా? రాత్రిపూట ఒంట్లో బాగోకపోతే 108కి చేయగలదా?

హరి:
ఈ రోజుల్లో ల్యాండ్‌లైన్ ఎందుకండీ? స్మార్ట్‌ఫోన్ కొనిచ్చి వాట్సాప్ నేర్పించండి. మా నాన్నగారు రోజూ వీడియో కాల్ చేస్తారు.

పాత ఎక్స్ఛేంజి మనిషి:
హరిగారూ, వాట్సాప్ నుంచి 108కి గానీ 112కి గానీ కాల్ వెళ్లదు. మనవల్ని చూసుకోవడానికి అది మంచిదే. అర్ధరాత్రి ఆయాసం వచ్చిన మనిషికి మాత్రం చేతికందే రిసీవర్ ఉండాలి.

అమ్మాయ్, నేను టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో పనిచేసి రిటైరయ్యాను. నీ భయం సరైనదే. రాగి లైన్లో ఫోనుకి కావలసిన కరెంటు ఎక్స్ఛేంజి నుంచే వస్తుంది, 48 వోల్టులు. 2 వోల్టుల సెల్స్ 24 వరసగా కలిపిన బ్యాటరీ గది ఉండేది, దానికి తోడు డీజిల్ ఇంజను. సెల్స్‌లో డిస్టిల్డ్ వాటర్ తగ్గకుండా, టెర్మినల్స్ దగ్గర తెల్లటి పొడి పేరుకోకుండా కాపలా కాసేవాళ్లం. ఊరంతా చీకటైనా మీ ఇంట్లో ఫోను మోగిందంటే ఆ గది వల్లే. ఫైబర్ అంటే గాజు, అందులో కరెంటు రాదు. గోడకి బిగించే డబ్బా, ఓఎన్‌టీ అంటారు, మీ ఇంటి కరెంటుతోనే నడవాలి.

అయినా ఫైబర్‌కే వెళ్లమంటాను. ఆ గరగర సాధారణంగా కేబుల్ జాయింట్లలో నీరు దిగడం వల్ల వస్తుంది. అంత పాత రాగి కేబుల్‌ని మార్చి కొత్తది వేసే రోజులు పోయాయి. ఫోను మాటకి వంద కేబీపీఎస్ ఇంటర్నెట్ వేగం సరిపోతుంది, కాబట్టి అన్నిటికన్నా చిన్న ప్లాన్ చాలు. డబ్బు బ్యాకప్ మీద పెట్టు. ఇన్వర్టర్ ఉంటే ఓఎన్‌టీ ప్లగ్గు ఇన్వర్టర్ లైన్లోనే ఉండాలి. మా వీధిలో ఒకరింట్లో ఫ్యాన్ తిరుగుతోంది, ఫోను మాత్రం లేదు. తీరా చూస్తే ప్లగ్గు వేరే లైన్లో ఉంది. ఇన్వర్టర్ లేకపోతే రౌటర్లకి అమ్మే మినీ యూపీఎస్ కొను, అడాప్టర్ మీద రాసిన వోల్టేజి చూసుకుని. కార్డ్‌లెస్ ఫోను మాత్రం వద్దు, దాని బేస్‌కి మళ్లీ కరెంటు కావాలి.

ఇంకో సంగతి. మీ ఇంట్లో ఎంత బ్యాకప్ ఉన్నా, మీ ఫైబర్ అవతలి చివర ఉండే ఓఎల్‌టీ అనే కంపెనీ పెట్టె ఆగిపోతే ఫోను పోయినట్టే. అది ఎక్స్ఛేంజిలో ఉందా, ఎవరైనా ఫ్రాంచైజీ గదిలో ఉందా, బ్యాటరీ ఎన్ని గంటలు ఆగుతుంది అని అడుగు. తెలియదంటే ఊరుకోకు.

కోనసీమ ఆడపడుచు:
చాలా థాంక్స్ మాస్టారూ. అమ్మ దగ్గర చక్రం తిప్పే నల్ల ఫోను ఉంది. దాన్నే తగిలించవచ్చా?

పాత ఎక్స్ఛేంజి మనిషి:
మోగుతుంది, మాట్లాడొచ్చు. నంబరు తిప్పితేనే చిక్కు. చక్రం నుంచి వచ్చే పల్సుల్ని చాలా ఓఎన్‌టీలు గుర్తించవు. పెద్ద బటన్ల ఫోను కొను, దాని మీద పీ (పల్స్), టీ (టోన్) అని స్విచ్ ఉంటే టీ వైపు పెట్టు.

లెస్టర్ నుంచి మూర్తి:
ఇక్కడ బ్రిటన్‌లో పాత ల్యాండ్‌లైన్ వ్యవస్థనే 2027 జనవరికి ఆపేస్తున్నారు. మొదట 2025 డిసెంబర్ అన్నారు. పెద్దవాళ్లు మెడలో వేసుకునే అలారం బటన్లు కొత్త లైన్ల మీద పనిచేస్తాయా అన్న ఆందోళన వల్ల వాయిదా పడింది. ల్యాండ్‌లైన్ తప్ప దిక్కులేని వాళ్లకి కరెంటు పోయినా కనీసం గంటసేపు ఎమర్జెన్సీ కాల్ వెళ్లే ఏర్పాటు కంపెనీయే చేయాలి.

పాత ఎక్స్ఛేంజి మనిషి:
మన దగ్గరా అలాంటి నియమం రావాలని నా కోరిక. కానీ తుపాను వచ్చిందంటే కోనసీమకి గంట ఏమూలకీ చాలదు. అందుకే పక్కన ఒక కీప్యాడ్ సెల్ కూడా ఉంచు, 108 స్పీడ్ డయల్‌లో పెట్టి. ఫైబర్ బిగించిన రోజు నువ్వు అక్కడే ఉంటే మంచిది. వాళ్లు వెళ్లకముందే మెయిన్ స్విచ్ ఆపేసి, నీ సెల్ నుంచి అమ్మ నంబరుకి చేయి. మోగితేనే సంతకం పెట్టమను.